రాకపోవుటకు కారణం

“పరీక్ష మళ్ళా పెట్టుకోవచ్చు వైదేహీ. తిథి మళ్ళా రాదు.”

మా ఆయన కౌండిన్య ఈ మాట అన్నప్పుడు నేను కందగడ్డ చెక్కు తీస్తున్నాను. చేతులు ఒకటే దురద. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఖాళీ గ్లాసు నా వైపు చాపి, నేను లేచి నింపి ఇస్తే తాగి, అప్పుడు చెప్పాడు. తప్పు నాదేనని ఒప్పుకుంటాను. ఏడాదిన్నర చేసిన పనికి చివరి పరీక్ష తేదీని గోడ క్యాలెండరు చూసి పెట్టాను గానీ పంచాంగం చూడలేదు. ఫిబ్రవరిలో ఒక గురువారం. ఆ రోజే మాఘ బహుళ తదియ, మామగారి తండ్రి ఆబ్దికం. ప్రొద్దుటూరులో నలభై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్న రామమూర్తిగారి ఇంటి కోడలు తిథి మరిచిపోవడమా! మామగారు రెండు రోజులు నాతో సూటిగా మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉన్నా “ఆ అమ్మాయికి చెప్పండి” అని అత్తకు చెప్పేవారు. అత్తకు తుంటి ఎముక విరిగి పదిహేనేళ్ళు. ఆబ్దికం వంట ఇంటి కోడలే మడి కట్టుకుని చేయాలి, బయటివాళ్ళు చేస్తే పనికిరాదు. ఇంటికి కోడలిని నేనొక్కదాన్నే. ఇక మాట్లాడడానికేముంది, పరీక్ష వాయిదా వేశాను.

ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. జమ్మలమడుగు దగ్గర మైలవరంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతాను. మా పిల్లలు అయిదో తరగతి దాకా తెలుగులో చదివి, ఉన్నట్టుండి ఇంగ్లీషు మీడియంలో పడ్డవాళ్ళు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి. ‘అక్వాటిక్’ అనే మాట దగ్గరికి వచ్చేసరికి తరగతిలో అందరి మొహాలూ మూసేసిన కిటికీల్లా అయిపోయేవి. ఒకరోజు విసుగొచ్చి చెప్పాను: “అక్వా అంటే లాటిన్‌లో నీళ్ళు. అంతే, ఇంకేం లేదు.” వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. “అట్లయితే అక్వేరియం అంటే నీళ్ళు పెట్టేదా మేడం?” ఆ పిల్ల పేరు ఇరమ్. నా పరిశోధన అక్కడ మొదలైంది. యూనివర్సిటీ కాగితాల్లో దాని పేరు మూడు వరసలు ఉంటుంది గానీ, అసలు ప్రశ్న చిన్నది. లాటిన్ కొంచెం నేర్చుకుంటే మా పిల్లలకు చదవడం వస్తుందా?

ఆ లాటిన్‌ను నేనే ముందు నేర్చుకోవాలి కదా. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సు నలభై నిమిషాలు. రోజు మొత్తం మీద నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. కిటికీ పక్కన సీటు దొరికితే పుస్తకం, దొరక్కపోతే నిలబడి ఫోనులో. ఇంట్లో మాత్రం పుస్తకం తెరిస్తే చాలు, ఎవరికో ఒకరికి దాహం వేసేది.

“ఇంట్లో సంస్కృతం పెట్టుకుని లాటిన్ ఏందే నీకు?” అని మా ఆయన మొదటి రోజునుంచీ ఎగతాళి. ఆయన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సంస్కృతం లెక్చరరు. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు “మా ఆవిడ మైలవరం పిల్లోళ్ళను రోము నగరానికి పంపిస్తాండాది” అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేను కాఫీలు ఇచ్చేదాన్ని. మా అమ్మాయి సింధూ విజయవాడలో హాస్టల్లో ఇంటర్ చదువుతోంది, సంస్కృతంలో వందకు తొంభై తొమ్మిది. “అమ్మా, జవాబులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో బట్టీ పట్టినా. ఆ లిపి ఒక్క ముక్క చదవడం రాదు, నాయనకు చెప్పొద్దు” అంది. చెప్పలేదు. చెప్పకుండా ఎన్ని దాచానో ఈ ఇంట్లో!

తొమ్మిదో తరగతిని రెండు సెక్షన్లు చేశారు. ఏ సెక్షన్‌కు రోజూ చివరి ఇరవై నిమిషాలు లాటిన్ మాటలు చెప్పాను, బీ సెక్షన్‌కు మామూలు పాఠమే. పిల్లలు మొదట భయపడ్డారు, తర్వాత అల్లరి పట్టారు. ‘పుయెల్లా అక్వామ్ పోర్తాత్’ అని బోర్డు మీద రాశాను. ‘పాప నీళ్ళు మోస్తోంది.’ “అయ్యో, మన మాదిరే మాట్లాడతారే మేడం వీళ్ళు!” అని ఇరమ్ చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల నవ్వితే చెవి కమ్మలు కూడా ఊగేవి. నవంబరులో ‘అక్విడక్ట్’ అనే మాట అర్థం చెప్పకుండా బోర్డు మీద పెట్టాను. అందరూ గింజుకుంటూంటే ఇరమ్ తనలో తాను గొణుక్కుని, “నీళ్ళు... తీసకపోయేది... మైలవరం కాలువ మేడం!” అని అరిచింది. మూడో తరగతి వాచకం కూడా తడుముకునే పిల్ల అది. ఆ రోజు బస్సులో నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

ఆబ్దికం రోజు తెల్లవారుజామున నాలుగింటికి తలస్నానం చేసి, తడి మడిచీర కట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మడిలో ఉన్నప్పుడు బయటి వస్తువు ఏదీ ముట్టుకోకూడదు, ఫోను అసలే కూడదు. అది హాల్లో అల్మరా మీద ఉంది. పదకొండు దాటాక గారెలు వేస్తూంటే మోగడం మొదలైంది. ఆగింది. మళ్ళీ మోగింది. భోక్తలు వచ్చి కూర్చున్నారు, మామగారు మంత్రం చెబుతున్నారు. నేను వంటింటి గడపలో నిలబడి చూస్తున్నాను. మా ఆయన లేచి, ఎవరని కూడా చూడకుండా దాని గొంతు నొక్కేశాడు. ఆ తర్వాత మోగింది నాకు వినపడలేదు, అల్మరా మీద వెలుగు మాత్రం కనపడింది. “మోగితే మోగనీలే, నీ బడేమన్నా మునిగిపోతాదా” అంది మంచం మీంచి అత్త. నూనెలో గారె మాడింది. మాడినదాన్ని పక్కన పెట్టాను, అది నేను తినొచ్చు. భోక్తలు, మగవాళ్ళు, అత్త, అందరూ అయ్యాక మూడున్నరకు విస్తరి వేసుకుని, అప్పుడు ఫోను చూశాను. మూడుసార్లు. మూడూ మా బడిలో లెక్కలు చెప్పే లాల్ బాషా సారు నంబరు నుంచే.

తిరిగి చేస్తే తెలిసింది, చేసింది ఆయన కాదట. “ఇరమ్ నా ఫోను అడుక్కుని చేసింది మేడం. ఈ పొద్దే రాసేస్తానని ఒకటే ఏడుపు. మీరు లేందే పరీక్ష పెట్టగూడదని మీరే జెప్పినారు గదా. పన్నెండు రోజులే గదమ్మా, ఓపిక పట్టు అని చెప్పినా” అన్నాడు.

పన్నెండు రోజులు. మర్నాటి నుంచి ఇరమ్ బడికి రాలేదు, పరీక్ష నాటికి వస్తుందిలే అనుకున్నాను. మధ్యలో యూనిట్ పరీక్షలు వచ్చాయి, తనిఖీ వచ్చింది. పన్నెండో రోజు నేను ప్రశ్నపత్రాల కట్ట పట్టుకుని వెళ్ళేసరికి వెనక బెంచీ అప్పటికీ ఖాళీ. వాళ్ళ నాయన ఇలియాస్ కువైట్‌లో డ్రైవరు. ఇప్పుడు అమ్మ జానీబీకి కూడా ఒక షేకు ఇంట్లో పనికి వీసా వచ్చిందట. పిల్లలను తొండూరులో అవ్వ దగ్గర దింపి ఆమె విమానం ఎక్కింది. ఇరమ్ టీసీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఏ సెక్షన్‌లో ముప్ఫై రెండు మంది. చివరి పరీక్ష రాసింది ఇరవై ఏడు. మిగిలిన అయిదుగురూ ఆడపిల్లలే. ఒకమ్మాయి అక్క పురుడని ఆగిపోయింది. ఒకమ్మాయికి జనవరిలోనే పెళ్ళి చేశారు, మేము ఆపడానికి వెళ్ళేటప్పటికి పందిరి కూడా విప్పేశారు. ఇద్దరు పత్తి ఏరడానికి పోయి మళ్ళీ రాలేదు. అయిదో పేరు ఇరమ్. యూనివర్సిటీలో నా గైడు సారుకు ఫోను చేస్తే ఆయన మాత్రం సంతోషించారు. “ఇరవై ఏడు మందికి మంచి తేడా కనిపిస్తోందమ్మా. మీ లాటిన్ పనిచేసినట్టే. ఆ అయిదుగురినీ తీసేయండి, పట్టిక నీటుగా ఉంటుంది” అన్నారు. ఒకవేళ ఉంచాలనుకుంటే చివర అనుబంధంలో గైర్హాజరైనవారి పట్టిక పెట్టి, ‘రాకపోవుటకు కారణం’ అనే గడిలో ‘వ్యక్తిగతం’ అని రాస్తే చాలునట.

ఆ మాట నాకు కొత్త కాదు. పదహారేళ్ళ కిందట ఇదే యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరాను. రెండో ఏడాదిలో అత్త జారిపడింది. “మీ అమ్మకైతే మానేయవా?” అని మా ఆయన ఒక్కసారే అడిగాడు, రెండోసారి అడిగే అవసరం రాలేదు. మానేస్తున్నానని కాగితం ఇవ్వడానికి వెళ్తే గుమాస్తా తల ఎత్తకుండానే ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసుకున్నాడు. ఆ వ్యక్తిని నేనే గానీ కారణం నాది కాదు. అప్పుడు ఆ మాట అనడం తెలియలేదు. సంతకం పెట్టి, బస్టాండులో అత్తకు కమలాపండ్లు కొనుక్కుని వచ్చేశాను.

ఆదివారం పొద్దున పప్పు, పులుసు చేసి మూతలు పెట్టి, పులివెందుల బస్సు ఎక్కాను. “యాడికి?” అన్నాడు ఆయన. “తొండూరు. ఒక పిల్లకు పరీక్ష పెట్టి వస్తా” అన్నాను. “ఆదివారం గూడానా? మధ్యాన్నం అన్నం ఎవురు పెడతారు?” అన్నాడు. గిన్నెలు చూపించాను. ఆయన గిన్నెల వైపు కాక నా వైపు చూశాడు, మనిషికి మతి పోయిందా అన్నట్టు.

తొండూరులో దిగి అడిగితే ఇల్లు చూపించారు. చీనీ తోటకు పోయే దారిలో చివరి ఇల్లు. వాకిట్లో బట్టలు ఉతుకుతున్న మనిషిని “ఇరమ్ ఇల్లు ఇదేనా అమ్మా?” అని అడిగాను. ఆ మనిషి తల ఎత్తింది. ఇరమే. నెల రోజుల్లో పిల్ల నడుము వంచి పనిచేసే తీరే మారిపోయింది. చెవులకు కమ్మలు లేవు.

“మేడం! మీరా! ఎట్లొచ్చినారు మేడం ఈడికి?” సబ్బు చేతులు గౌనుకు తుడుచుకుంది. “అవ్వా, మా మేడం వచ్చినాది!”

అవ్వ మాబున్ని మంచం మీద కూర్చుని ఉంది. షుగరు వల్ల కళ్ళు మసక. “రామ్మా, కూర్చో. దీని నోట్లో ఎప్పుడూ నీ పేరేలే” అంది. “దీనెమ్మ పోయినాక ఇల్లంతా ఇదే మోస్తాండాది. శానా బుద్ధిమంతురాలు నా మనవరాలు.” ఆ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్ళు మండింది. పెళ్ళయిన కొత్తలో మా అత్త కూడా నా గురించి ఇవే మాటలు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, నేను మురిసిపోయేదాన్ని. ముసలావిడను ఏమనగలను? ఆమెనూ ఎవరో చిన్నప్పుడు ఇట్లాగే మెచ్చుకుని ఉంటారు.

“ఈడ బడి లేదా ఇరమ్?” అని అడిగాను.

“ఉండాది మేడం. దగ్గరే. చిన్నోన్ని ఎవురు చూసుకుంటారు? అవ్వకు కండ్లు కనపడవు.” చిన్నోడు ఉమైర్, మూడేళ్ళవాడు, దాని కాళ్ళు చుట్టుకుని నిలబడ్డాడు. “మా యమ్మ రెండేండ్లల్లో వచ్చేస్తాది మేడం. వచ్చినాక పోతా.”

రెండేళ్ళ తర్వాత బడికి వెళ్ళడం అంటే ఏమిటో దానికీ తెలుసు, నాకూ తెలుసు. నేను సంచిలోంచి ప్రశ్నపత్రం తీశాను. ఆ పిల్ల కళ్ళు దాని మీద పడ్డాయి.

“ఇది రాస్తే నన్ను మళ్ళా బడికి తీసకపోతారా మేడం?”

అంత సూటిగా నన్ను జీవితంలో ఎవరూ ఏదీ అడగలేదు. ఓపెన్ స్కూలు అని చెబుదామనుకున్నాను, ప్రయత్నిస్తాననీ చూద్దామనీ చెబుదామనుకున్నాను. అవన్నీ నాకు చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ళు చెప్పిన మాటలే. ఆ పిల్లకు నేను వేరే ఏమీ ఇవ్వలేకపోయినా అబద్ధం చెప్పకుండా ఉండగలను కదా అనుకున్నాను.

“లేదమ్మా” అన్నాను. “దాంతో నీకేమీ రాదు.”

ఇరమ్ చేయి చాపి కాగితాన్ని తన వైపు లాక్కుంది. “ఇయ్యండి మేడం. రాస్తా” అంది.

నలభై నిమిషాల పరీక్ష. ఫోనులో గడియారం పెట్టాను. ఎప్పుడూ చూడని ఒక పాఠం, అందులో ఇరవై కొత్త మాటలు, చివర సొంత మాటల్లో అర్థం రాయాలి. ఎనిమిదో నిమిషంలో ఉమైర్ పడి ఏడ్చాడు. ఇరమ్ లేచింది. నేను గడియారం ఆపాను. వాణ్ణి ఎత్తుకుని సముదాయించి, చంకలో పెట్టుకునే వచ్చి కూర్చుంది. గడియారం నడిపించాను. పదిహేడో నిమిషంలో అవ్వ మాత్రలు, మాత్రలకు ముందు అన్నం. ఆపాను. నేను పెడతానంటే అవ్వ ఒప్పుకోలేదు, “ఇంటికొచ్చిన పంతులమ్మతో పని చేపిస్తామా!” అంది. ఇరవై ఆరో నిమిషంలో వీధి కొళాయికి నీళ్ళొచ్చాయి. నాలుగు బిందెలు. వాకిలి దాటుతూ, నడుం మీద బిందెతో, ఆ పిల్ల నా వైపు తిరిగి నవ్వింది.

“పుయెల్లా అక్వామ్ పోర్తాత్ మేడం.”

నేను నవ్వలేకపోయాను. కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాను. ఏమిటి నేను ఈ పిల్లకు నేర్పింది? అది చేసే పనికి ఇంకో దేశపు మాట. దాని కష్టం ఒక్క బిందె కూడా తగ్గించనిది. ఇప్పుడు దాని మార్కులు నా పట్టికలోకి కావాలని ఇంత దూరం వచ్చి, దాని పనిలో అడ్డంగా కూర్చున్నాను. మా ఇంట్లో నా చేత వంట చేయించుకుని పుణ్యం తాము మూటగట్టుకునే వాళ్ళకూ నాకూ తేడా ఎంత?

ఇరమ్ రాసింది. ఫోనులో గడియారం ప్రకారం నలభై నిమిషాలు, గోడ గడియారం ప్రకారం రెండు గంటల పది నిమిషాలు. ఇరవై మాటలకు పద్దెనిమిది సరిగ్గా రాసింది. రెండు సెక్షన్లలో ఎవరికీ అన్ని రాలేదు. చివర అర్థం రాయాల్సిన చోట నాలుగు వాక్యాలు రాసి, కాగితం మిగిలితే కింద చిన్న అక్షరాలతో ఒక మాట చేర్చింది. ‘మేడం నేను ఉమైర్‌కి గూడ నేర్పిస్తాండా.’ బస్సు దగ్గరికి వాణ్ణి ఎత్తుకుని సాగనంపడానికి వచ్చింది. ఆదివారం ఆదివారం వస్తానని మాట ఇద్దామని నోటి దాకా వచ్చింది. ఇవ్వలేదు. నిలబెట్టుకోగలనో లేదో ఇంకా నాకే తెలియదు. నా లాటిన్ పుస్తకాలు మాత్రం సంచితో సహా ఇచ్చేశాను.

మర్నాడు గైడు సారుకు చెప్పాను. “ఇంట్లో రాసింది లెక్కకు రాదమ్మా. అందరికీ ఒకే పరిస్థితులు ఉండాలి కదా” అన్నారు. ఉండాలి సార్, అన్నాను. ఆయనకు నా గొంతులో ఏం వినిపించిందో, “ఆరోగ్యం బాగుందా?” అని అడిగారు.

సాయంత్రం అందరికీ కాఫీలు అయ్యాక హాల్లో మా ఆయన రాసుకునే బల్ల ముందు కూర్చున్నాను. ఆ బల్ల ముందు నేను ఎప్పుడూ కూర్చోలేదు. అనుబంధం పట్టికలో అయిదు పేర్లూ ఉంచాను. నలుగురికి నాకు తెలిసినంత కారణం రాశాను, అక్క పురుడు, పెళ్ళి, పత్తి, పత్తి. అయిదో గడి దగ్గర పెన్సిలు ఆగింది. ‘వ్యక్తిగతం’ అని రాయడానికి అర నిమిషం పట్టదు. రాయలేదు. వేరేది రాశాను. వెనక నుంచి మా ఆయన వంగి చదివాడు. ఆయనకు కోపం కంటే ముందు భయం వచ్చింది, గొంతులో తెలిసింది.

“ఏందిది? ఇంటి సంగతులు ఈడ రాస్తారా ఎవురన్నా? నాయనకు తెలిస్తే ఏమంటాడు? ఊరంతా చదువుతారే ఇది!”

“ఊరంతా చదవరు. నలుగురు చదువుతారు.”

“ఆ నలుగురూ ఇది చూసి నీకు పట్టా ఇస్తారా?”

ఆలోచించాను. “ఇయ్యరేమో” అన్నాను.

“మరి ఎందుకు రాస్తాండావు?”

లోపలి నుంచి అత్త పిలుస్తోంది, రాత్రికి ఏం వండుతావని. నేను లేవలేదు. కాగితాన్ని నా వైపు లాక్కుని, పెన్సిలుతో రాసినదాని మీద ఇంకుతో మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.

‘ఇరమ్. తొమ్మిదవ తరగతి, ఏ సెక్షన్. రాకపోవుటకు కారణం: పరీక్ష జరగవలసిన రోజున పరిశోధకురాలు ఇంట్లో మడి కట్టుకుని ఆబ్దికం వంట చేస్తూ ఉన్నది. ఈ విద్యార్థిని ఆ రోజు పరీక్ష రాయడానికి వచ్చింది. మూడుసార్లు ఫోన్ చేసింది.’